సింగపూర్‌కి నేను, అమలాపురంలో నా సిగార్లు

వచ్చే వారమే సింగపూర్ ప్రయాణం. బట్టలు సర్దడం ఒక్క పూటలో అయిపోయింది కానీ ఎనిమిదేళ్లుగా ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న 60 సిగార్ల గురించే నెల రోజులుగా టెన్షన్. అక్కడ పొగాకుకి డ్యూటీ ఫ్రీ మినహాయింపు అసలు లేదు, ఒక్కటి పట్టుకెళ్లినా చెప్పి పన్ను కట్టాల్సిందే, అందుకే అమలాపురంలో మా ఇంట్లోనే ఉంచేస్తున్నాను.

సిగార్‌కి 65-70 శాతం తేమ కావాలి, చల్లగా ఉండాలి. మన కోనసీమలో వానాకాలం వస్తే వేయించిన అప్పడాలే నిమిషాల్లో మెత్తబడిపోతాయి, ఇక ఇవెంత! పోయినేడాది ఒకదాని మీద గుండుసూదితో గుచ్చినట్టు చిన్న బెజ్జం, కింద గోధుమరంగు పొడి. చూడగానే ప్రాణం ఉసూరుమంది. పొగాకు పురుగు. సుమారు 25 డిగ్రీలు దాటితే గుడ్లలోంచి బయటికొచ్చేస్తుంది. అందుకే ఈసారి అన్నిటినీ జిప్ కవర్లలో పెట్టి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచి (ఒక్కసారిగా బయటికి తీస్తే పై ఆకు పగలొచ్చు), గాలి చొరని డబ్బాలో లోపలి తేమని 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లతో సర్ది ఏసీ గదిలో పెట్టాను.

తాళం బాబాయికిచ్చాను. "మీ తాత లంక పొగాకు చుట్టలు చూరులో దోపుకునేవాడురా" అన్నాడు, అన్నాడే గానీ తేమ మీటర్ చదవడం రెండుసార్లు అడిగి మరీ నేర్చుకున్నాడు. ప్రతి ఆదివారం ఫొటో తీసి పంపుతానన్నాడు.