అజెండాలో కనిపించని నిమిషాలు: ఈవెంట్స్ టీమ్‌లో నా అప్రెంటిస్‌షిప్

చదువు అయిపోగానే ఒక కంపెనీ ఈవెంట్స్ టీమ్‌లో అప్రెంటిస్‌గా చేరాను. వార్షిక సమావేశాలు, డీలర్ల మీట్లు, ప్రోడక్ట్ లాంచ్‌లు, ఉద్యోగుల శిక్షణ కార్యక్రమాలు అన్నీ ఆ టీమే చూసుకుంటుంది. చేరిన కొత్తలో నా పనంతా ఎక్సెల్ షీట్లతోనే. వెండర్ల దగ్గర కొటేషన్లు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, పర్చేజ్ ఆర్డర్ కోసం అకౌంట్స్ వాళ్ల చుట్టూ తిరగడం. ఈ పనిని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, కొటేషన్ చదవడం వస్తే ఈవెంట్ సగం అర్థమైనట్టేనని నా నమ్మకం. ఒక వెండర్ ఎల్‌ఈడీ వాల్ (స్టేజి మీద పెట్టే పెద్ద స్క్రీన్) అద్దె తక్కువ చూపించి రవాణా, బిగింపు కూలీ, జనరేటర్ విడిగా వేస్తాడు. ఇంకొకరు అన్నీ కలిపి వేస్తారు. మొత్తం కూడితేగానీ ఏది చవకో తేలదు. వాల్ పిచ్, అంటే స్క్రీన్ మీది చుక్కల మధ్య దూరం కూడా చూసుకోవాలి. పీ3 అంటే ఒక ఎల్‌ఈడీ చుక్క నడిమి నుంచి పక్క చుక్క నడిమికి 3 మిల్లీమీటర్లు. ముందు వరుస కుర్చీలు స్క్రీన్‌కి మరీ దగ్గరైతే అంతకన్నా చిన్న పిచ్ కావాలి, లేకపోతే అక్షరాలు చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి.

అసలు పని రన్ షీట్ దగ్గర మొదలైంది. వచ్చిన అతిథులకు ఇచ్చేది అజెండా. అందులో ఉదాహరణకు 10:00 స్వాగతం, 10:10 ఎండీ ప్రసంగం, 10:40 ప్యానెల్ చర్చ అని ఉంటుంది, అంతే. మాకు ఉండేది రన్ షీట్. అందులో ప్రతి నిమిషానికీ స్టేజి మీద ఎవరు, ఏ మైకు, స్క్రీన్ మీద ఏ స్లైడ్, ఏ లైటు, ఏ మ్యూజిక్, ఎవరు చెబితే అది మొదలవుతుంది, అన్నీ రాసి ఉండాలి. మా మేనేజర్ మేడమ్ ఏ రన్ షీట్ చేతికొచ్చినా ఒకటే అడిగేవారు: "ఈయన దిగి వాళ్లు ఎక్కేలోపు ఏం జరుగుతోంది? కుర్చీలు ఎవరు వేస్తున్నారు? అంతసేపూ జనం ఏం చూస్తుంటారు?" దానికి జవాబు కూడా షీట్‌లోనే ఉండాలి. ఎండీ దిగగానే స్టేజి లైట్లు తగ్గాలి, స్క్రీన్ మీద వీడియో రావాలి, అది ఆడుతుండగా కుర్చీలు వేసేయాలి. ప్యానెల్ వాళ్లకు మైకులు అప్పటికే పెట్టేసి ఉండాలి. కార్యక్రమం బాగా నడిచిందా లేదా అన్నది ప్రసంగాల కన్నా ఈ సందుల్లోనే తేలుతుందని నాకు అక్కడే బోధపడింది.

మైకు పెట్టే బాధ్యత నాకు అప్పగించారు. కాలర్ మైకు గడ్డానికి ఒక జానెడు కింద, ఛాతీ మధ్యలో ఉండాలి. పక్కకి పెడితే మనిషి తల తిప్పినప్పుడల్లా గొంతు తగ్గిపోతుంది. మెడలో ఐడీ కార్డు, గొలుసు ఉంటే మైకుకి రాసుకుని గరగర వినిపిస్తుంది, కాబట్టి ముందే తీయమని మర్యాదగా అడగాలి. ట్రాన్స్‌మిటర్ (కాలర్ మైకు వైరు వెళ్లే చిన్న పెట్టె) తగిలించడానికి బెల్టో జేబో కావాలి. అవి లేని దుస్తుల్లో వచ్చేవాళ్లకు చేతి మైకు సిద్ధంగా ఉంచడం నయం. బ్యాటరీలు ప్రతి సెషన్‌కీ కొత్తవి వేస్తాం. అన్నిటికన్నా ముఖ్యం, స్పీకర్ స్టేజి ఎక్కేదాకా సౌండ్ కన్సోల్‌లో ఆ మైకు ఛానెల్ మ్యూట్‌లోనే ఉండాలి. లేదంటే గ్రీన్ రూమ్‌లో (స్టేజి ఎక్కేముందు కూర్చునే గదిలో) మాట్లాడుకునే మాటలు హాలంతా వినిపిస్తాయి.

ప్రెజెంటేషన్ ఫైళ్లు ముందురోజే తెప్పించుకుని, షోలో వాడే ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూస్తాం. ఫాంట్లు, వీడియోల గొడవ అప్పుడే బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర బ్యాడ్జీలు పంచడంలోనూ ఒక కిటుకు ఉంది. పేర్ల మొదటి అక్షరాలను లైన్లకు సమానంగా విడగొడితే ఒక లైను చాంతాడంత అవుతుంది, పక్కది ఖాళీగా ఉంటుంది. సమానంగా పంచాల్సింది మనుషులను.

షో రోజు హెడ్‌సెట్ పెట్టుకుని స్టేజి వెనక నిలబడ్డాను. షో కాలర్, అంటే ఏది ఎప్పుడు మొదలవ్వాలో హెడ్‌సెట్‌లో చెప్పే మనిషి, "వీడియో 2, స్టాండ్‌బై" (సిద్ధంగా ఉండు) అంటే ఆ ఆపరేటర్ "స్టాండ్‌బై" అంటాడు. తర్వాత "వీడియో 2, గో". ఆ "గో" అనే మాట షో కాలర్ తప్ప ఇంకెవరూ హెడ్‌సెట్‌లో అనకూడదు, ఎవరన్నా సరే ఆపరేటర్ల చేతులు కదిలిపోతాయి. ప్యానెల్‌కి ముందు ఒక అతిథి ప్రసంగం ఉంది. ఆయన కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుందని కబురొచ్చింది. నాకైతే గుండె దడదడలాడింది. షో కాలర్ గొంతు మాత్రం మారలేదు. "ప్యానెల్ రెడీనా?" అని అడిగారు. ప్యానెల్ వాళ్లను 15 నిమిషాల ముందే మైకులతో కూర్చోబెట్టాలని షీట్‌లో ఉంది, నలుగురూ నా ఎదురుగానే ఉన్నారు. "రెడీ" అన్నాను. వీడియో పడింది, కుర్చీలు పడ్డాయి, ప్యానెల్ ఎక్కింది. హాల్లో ఎవరికీ వరస మారిన సంగతి తెలియలేదు. ఆ అతిథి చర్చ పూర్తయ్యేలోపు వచ్చి, తాపీగా తర్వాత మాట్లాడారు.

అంతా అయ్యాక మైకులు, క్లిక్కర్లు (స్లైడ్లు మార్చే రిమోట్లు), కేబుళ్లు వెండర్ ఇచ్చిన సామాను చలానాతో సరిచూసి వెండర్‌కి అప్పగించాం. మర్నాడు టీమ్ కూర్చుని రన్ షీట్‌లో అనుకున్న టైమ్ పక్కన నిజంగా పట్టిన టైమ్ రాసుకున్నాం. కుర్చీలకు 2 నిమిషాలు అనుకున్నాం, 4 పట్టాయి. వీడియో కాస్త పొడుగ్గా ఉండబట్టి సరిపోయింది. తర్వాతి డీలర్ల మీట్ రన్ షీట్ మొదటి ముసాయిదా నన్నే రాయమన్నారు. ప్యానెల్ మార్పు దగ్గర 4 నిమిషాలని వేసి మేడమ్‌కి పంపాను.