నల్ వచ్చిందా, ఖాళీ వచ్చిందా? సర్వ్‌లెట్ ప్రశ్నల కోసం నా ప్రిపరేషన్

జావా వెబ్ సర్టిఫికేషన్ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు ఫెయిలయ్యాను. నన్ను దెబ్బతీసింది సర్వ్‌లెట్ రిక్వెస్ట్ హ్యాండ్లింగ్ భాగం. సర్వ్‌లెట్ అంటే బ్రౌజర్ పంపిన రిక్వెస్ట్‌ను సర్వర్‌లో అందుకునే జావా క్లాస్. ఆ చాప్టర్ బాగా వచ్చనే అనుకున్నాను, ఎందుకంటే మెథడ్ల పేర్లన్నీ నోటికి వచ్చు. పరీక్షలో పేర్లు చెప్పమని అడగరు కదా. ఒక జేఎస్‌పీ (హెచ్‌టీఎంఎల్ పేజీని తయారుచేసే ఫైల్) ముక్క, ఒక సర్వ్‌లెట్ ముక్క ఇచ్చి, ఫామ్ సబ్మిట్ చేస్తే ఏం ప్రింట్ అవుతుందని అడుగుతారు. నల్ (అసలేమీ లేదు), ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల్లేని పాఠం), ఎక్సెప్షన్ (రన్ అవుతుండగా వచ్చే ఎర్రర్), అసలు విలువ. ఏ ఆప్షన్ చూసినా అదే కరెక్ట్ అనిపిస్తుంది.

రెండోసారి చదవడం మొదలుపెట్టిన వారంలోనే ఆఫీసులో ఒక బగ్ నా దగ్గరికి వచ్చింది. నా ప్రిపరేషన్ తీరు మారింది దానివల్లే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

కస్టమర్ వివరాలు మార్చే పేజీ అది. పేరు, ఫోన్ నంబర్ మార్చి సేవ్ నొక్కితే ఎర్రర్. లాగ్‌లో నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్. కస్టమర్ ఐడీ హిడెన్ ఫీల్డ్‌లో (తెర మీద కనపడని ఫామ్ ఫీల్డ్) ఉంది, సర్వ్‌లెట్ దాన్ని ఫామ్ విలువలు ఇచ్చే గెట్‌పారామీటర్‌తో తీసుకుని, స్ట్రింగ్‌ను అంకెగా మార్చే పార్స్‌ఇంట్‌కు ఇస్తోంది. వ్యూ సోర్స్ తెరిచి చూశాను. హిడెన్ ఫీల్డ్ ఉంది, నేమ్ ఉంది, వాల్యూ కూడా ఉంది. సర్వ్‌లెట్‌లో పేరు స్పెల్లింగ్ ఒక్కో అక్షరం పట్టి చూశాను, సరిగ్గానే ఉంది. అక్కడే రెండు గంటలు పోయాయి.

తర్వాత ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రిక్వెస్ట్ పేలోడ్ (బ్రౌజర్ పంపిన డేటా) చూశాను. పేరు, ఫోన్ రెండే ఉన్నాయి, ఐడీ లేదు. అంటే సర్వ్‌లెట్ తప్పేమీ లేదు, బ్రౌజర్ అసలు పంపనే లేదు. అదే పేజీలో డిలీట్ బటన్ నొక్కినా రిక్వెస్ట్ సేవ్ సర్వ్‌లెట్‌కే వెళ్తోందని అప్పుడే గమనించాను. కన్సోల్‌లో డాక్యుమెంట్.ఫామ్స్.లెంగ్త్ అని కొడితే 1 అని వచ్చింది. సోర్స్‌లో మాత్రం ఫామ్‌లు రెండున్నాయి!

ఎవరో సేవ్ ఫామ్ మధ్యలో డిలీట్ కోసం ఇంకో చిన్న ఫామ్ పెట్టారు. ఫామ్ లోపల ఫామ్‌ను హెచ్‌టీఎంఎల్ ఒప్పుకోదు. లోపలి ఫామ్ మొదలయ్యే ట్యాగ్‌ను బ్రౌజర్ వదిలేస్తుంది, కానీ దాని ముగింపు ట్యాగ్ రాగానే బయటి ఫామ్‌ను మూసేస్తుంది. మన హిడెన్ ఫీల్డ్ ఆ ముగింపు తర్వాత ఉంది కాబట్టి ఏ ఫామ్‌కూ చెందకుండా మిగిలిపోయింది. వ్యూ సోర్స్ సర్వర్ పంపిన పాఠాన్ని చూపిస్తుంది, ఎలిమెంట్స్ ట్యాబ్ బ్రౌజర్ అర్థం చేసుకున్న పేజీని చూపిస్తుంది. ఈ రెండింటికీ తేడా ఉండొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన ఒకే ప్రశ్న రాసుకున్నాను: నల్ వచ్చిందా, ఖాళీ వచ్చిందా? గెట్‌పారామీటర్ నల్ ఇస్తే ఆ పేరుతో సర్వ్‌లెట్ చేతికి పారామీటరేదీ అందలేదని అర్థం. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే పేరు అందింది, విలువ లేదు. చూడ్డానికి ఒకలాగే ఉన్నా కారణాలు పూర్తిగా వేరు. డీబగ్గింగ్‌లో గానీ పరీక్షలో గానీ ముందు ఇది తేల్చుకోకుండా కారణాలు వెతకొద్దు.

నల్ వైపు చాలా కారణాలుంటాయి. ఫీల్డ్‌కు ఐడీ ఇచ్చి నేమ్ మర్చిపోవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. డిసేబుల్డ్ పెట్టిన ఫీల్డ్ వెళ్లదు, రీడ్‌ఓన్లీ పెట్టింది వెళ్తుంది. గెట్‌పారామీటర్‌కు బదులు గెట్‌అట్రిబ్యూట్ రాస్తే ఫామ్ విలువ దొరకదు, అట్రిబ్యూట్లు మన కోడ్ పెట్టేవి. రిక్వెస్ట్‌ను సర్వర్ లోపలే ఇంకో పేజీకి ఫార్వర్డ్ చేస్తే పారామీటర్లు అలాగే ఉంటాయి, సెండ్‌రీడైరెక్ట్ చేస్తే బ్రౌజర్ నుంచి కొత్త రిక్వెస్ట్ వస్తుంది కాబట్టి పాతవి పోతాయి. ఫామ్ మెథడ్ గెట్ (ఫీల్డ్స్ యూఆర్‌ఎల్‌లోనే వెళ్లే పద్ధతి) అయి, యాక్షన్ యూఆర్‌ఎల్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఐడీ రాసి ఉంటే, సబ్మిట్ చేసేటప్పుడు బ్రౌజర్ ఆ భాగం తీసేసి ఫామ్ ఫీల్డ్స్ పెడుతుంది. ఐడీని హిడెన్ ఫీల్డ్‌లో పెట్టాల్సింది అందుకే.

రిక్వెస్ట్ బాడీ సంగతి దగ్గర ఇంకాస్త టైమ్ పెట్టండి, నా మార్కులు ఎక్కువ పోయింది ఇక్కడే. పోస్ట్ పద్ధతిలో ఫామ్ డేటా యూఆర్‌ఎల్‌లో కాకుండా రిక్వెస్ట్ బాడీలో వెళ్తుంది. అది పారామీటర్లుగా దొరకడానికి సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ షరతులు పెడుతుంది. రిక్వెస్ట్ హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్ అయి ఉండాలి, మెథడ్ పోస్ట్ కావాలి, కంటెంట్ టైప్ యూఆర్‌ఎల్ ఎన్‌కోడెడ్ ఫామ్ కావాలి, పైగా మనం గెట్‌పారామీటర్ లాంటి మెథడ్‌ను ఒకసారి పిలవాలి. ఫిల్టర్‌లో (సర్వ్‌లెట్ కన్నా ముందు రిక్వెస్ట్‌ను చూసే కోడ్) ఎవరైనా లాగింగ్ కోసం గెట్‌రీడర్‌తో బాడీ మొత్తం ముందే చదివేస్తే, తర్వాత సర్వ్‌లెట్‌కు మిగిలేదేమీ ఉండదు. పేలోడ్‌లో విలువ కనిపిస్తూ సర్వ్‌లెట్‌లో నల్ వస్తుంటే నేను ముందు ఫిల్టర్లనే చూస్తాను. ఫైల్ అప్‌లోడ్ కోసం ఫామ్‌ను మల్టీపార్ట్‌గా (డేటాను భాగాలుగా పంపే రూపం) మార్చినప్పుడు కూడా హిడెన్ ఫీల్డ్స్ నల్ అయిపోతాయి. సర్వ్‌లెట్ 3.0 నుంచి మల్టీపార్ట్‌కాన్ఫిగ్ అనే యానోటేషన్ పెడితే గెట్‌పారామీటర్‌తోనే మళ్లీ దొరుకుతాయి. సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో పోస్ట్ సైజుకు డిఫాల్ట్ పరిమితి 2 ఎంబీ, అది దాటినా పారామీటర్లు అందవు.

ఖాళీ వైపు కథ పేజీ తయారయ్యేటప్పుడే మొదలవుతుంది. ఈఎల్ ఎక్స్‌ప్రెషన్ (జేఎస్‌పీలో విలువలు చూపించే చిన్న భాష) విలువ నల్ అయితే జేఎస్‌పీ ఏమీ ప్రింట్ చేయదు, హిడెన్ ఫీల్డ్ ఖాళీగా పుడుతుంది. అదే పేజీలో నేరుగా జావా కోడ్ రాసే పాత స్క్రిప్ట్‌లెట్ ఎక్స్‌ప్రెషన్ అయితే నల్ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు ప్రింట్ అవుతాయి. అప్పుడు సర్వ్‌లెట్‌కు వచ్చేది మామూలు స్ట్రింగ్, నల్ చెక్‌ను అది హాయిగా దాటిపోతుంది. మొదటి సబ్మిట్‌లో బాగుండి, వాలిడేషన్ ఎర్రర్ తర్వాత రెండో సబ్మిట్‌లో ఖాళీ వస్తోందంటే, ఎర్రర్ పేజీ చూపించేటప్పుడు ఆ విలువను మళ్లీ రిక్వెస్ట్‌లో పెట్టలేదేమో చూడండి. జావాస్క్రిప్ట్‌తో విలువ నింపే పేజీల్లో ఇంకో చిక్కుంది. కోడ్ నుంచి ఫామ్ సబ్మిట్ మెథడ్‌ను పిలిస్తే ఆన్‌సబ్మిట్ హ్యాండ్లర్ నడవదు. విలువ నింపే పని అందులో ఉంటే ఫీల్డ్ ఖాళీగానే వెళ్లిపోతుంది.

ఒకే పేరుతో రెండు ఫీల్డ్స్ ఉంటే గెట్‌పారామీటర్ మొదటిదే ఇస్తుంది, అన్నీ కావాలంటే గెట్‌పారామీటర్‌వాల్యూస్. ఇక ఎక్సెప్షన్ల సంగతి. పార్స్‌ఇంట్‌కు నల్ ఇస్తే వచ్చేది నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్, నల్‌పాయింటర్ కాదు. దశాంశ సంఖ్యలకు వాడే పార్స్‌డబుల్‌కు నల్ ఇస్తే మాత్రం నల్‌పాయింటరే. ఒకదాని జవాబు ఇంకోదానికి పెట్టేయడం చాలా తేలిక, కాబట్టి రెండూ పక్కపక్కనే రాసుకోండి.

ఒకే యూజర్ రిక్వెస్టులను గుర్తుపట్టే సెషన్ ట్రాకింగ్ పద్ధతుల్లో హిడెన్ ఫీల్డ్స్ కూడా ఒకటని చాలా నోట్స్‌లో ఉంటుంది. అది ప్రోగ్రామర్ చేతితో చేసుకునే పని. కంటైనర్ (సర్వ్‌లెట్లను నడిపే సర్వర్) తనంతట తాను వాడేవి కుకీలు, యూఆర్‌ఎల్ రీరైటింగ్, ఎస్‌ఎస్‌ఎల్ సెషన్. ప్రశ్న దేని గురించో చదివాకే టిక్ పెట్టండి. హిడెన్ అంటే తెర మీద కనపడదు అంతే, బ్రౌజర్‌లో ఎవరైనా దాన్ని మార్చి పంపగలరు. కాబట్టి ధర, యూజర్ హక్కుల్లాంటివి అందులో పెట్టి నమ్మే కోడ్ రాయొద్దు.

ఇవన్నీ చదివితే గుర్తుండవు. నేను చిన్న ప్రాజెక్ట్ ఒకటి పెట్టుకుని, ఒక్కో కారణానికి ఒక్కో పాడైన పేజీ చేశాను. నేమ్ లేనిది ఒకటి, ఫిల్టర్ బాడీని చదివేసేది ఒకటి, ఫామ్ లోపల ఫామ్ ఉన్నది ఒకటి. రోజూ రాత్రి వాటిలో నాలుగు తీసి, రన్ చేయకముందే జవాబును, కారణాన్ని కాగితం మీద రాసేదాన్ని. తర్వాత రన్ చేసి, పేలోడ్‌నూ సర్వ్‌లెట్ ప్రింట్ చేసినదాన్నీ పోల్చుకునేదాన్ని. జవాబు కరెక్టయినా రాసిన కారణం తప్పయితే ఆ పేజీ మర్నాడు మళ్లీ చేసేదాన్ని. ఫిల్టర్ పేజీ నాకు ఐదు రాత్రులు పట్టింది. రెండో ప్రయత్నంలో పాసయ్యాను. పరీక్షలో కోడ్ ముక్క కనపడగానే ఫామ్ ట్యాగ్ మెథడ్, ఎన్‌క్‌టైప్ (డేటా ఏ రూపంలో వెళ్తుందో) చూసి, ఆ తర్వాతే సర్వ్‌లెట్ వైపు వెళ్లాను.