ఆదివారం రానివాళ్ల ఇళ్లకు వెళ్లాక

బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర ఒక అద్దె హాల్లో నేను పాస్టరుగా ఉన్న తెలుగు క్రైస్తవ సంఘం కూడుకుంటుంది. కర్నూలు, అనంతపురం వైపు నుంచి పనులకొచ్చిన కుటుంబాలు, వైట్‌ఫీల్డ్ కంపెనీల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు, అపార్ట్‌మెంట్లలో వంట చేసే అక్కలు, సెక్యూరిటీ గార్డులు, ఇదీ మా సంఘం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టకముందు, జనం పట్టక రెండో ఆరాధన మొదలుపెడదామా అని పెద్దలతో మాట్లాడుకునేవాళ్లం. మళ్లీ తలుపులు తెరిచాక సగం కుర్చీలు నిండడమే గగనమైంది.

నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉంటుంది కాబట్టి వస్తారు. గుడ్ ఫ్రైడేకు, క్రిస్మస్‌కు, డిసెంబరు 31 రాత్రికి నిలబడడానికి చోటుండదు. మిగతా వారాల్లో వాక్యం చెబుతూనే తలుపు వైపు చూసేవాణ్ణి. హాలు అద్దె దిగులు ఉండనే ఉంది. అంతకు మించి, దేవుడు నాకు అప్పగించిన మనుషులు ఎటు పోయారన్న బెంగ నిద్ర పట్టనిచ్చేది కాదు.

పెద్దల్లో ఒకాయన హెబ్రీ పత్రిక 10:25 తీసి గట్టిగా చెప్పమన్నారు. సమాజంగా కూడడం మానవద్దనే వచనం అది. వచనం నిజమే, కానీ అది వినాల్సినవాళ్లు హాల్లో లేరు కదా! వచ్చినవాళ్లను గద్దించి ఏం లాభం? ఇంకొకాయన యూట్యూబ్ లైవ్ ఆపేస్తే అందరూ వాళ్లంతట వాళ్లే వస్తారన్నారు. ఏ నిర్ణయమైనా ముందు వాళ్లను కలిశాకే అన్నాను. సభ్యుల పుస్తకం ముందేసుకుని నేనూ నా భార్యా పేరు పేరునా ఫోన్లు చేశాం, సాయంత్రాలు ఇళ్లకు వెళ్లాం.

కొన్ని పేర్ల సంగతి త్వరగానే తేలింది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో సొంతూళ్లకు వెళ్లిన పిల్లలు తిరిగొచ్చాక ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఇళ్లు తీసుకున్నారు, అక్కడే సంఘానికి వెళ్తున్నారు. ఆ పాస్టరుగారికి ఉత్తరం రాసి సంతోషంగా అప్పగించాం. ఇందిరానగర్ వైపు కుటుంబాలకు టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర ట్రాఫిక్కే అడ్డు. 2023 అక్టోబరులో బైయప్పనహళ్లి నుంచి కె.ఆర్.పురానికి మెట్రో కలిశాక వాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

నన్ను కదిలించింది మున్నెకొళాలలో రేకుల గదిలో ఉండే ఒక అక్క మాట. "వందనాలు అయ్యగారూ, మానేశాననుకున్నారా?" అంటూ చాప పరిచింది. "ఆదివారమే కదండీ సార్లూ మేడమ్‌లూ ఇంట్లో ఉండేది. మూడిళ్లలో వంట. చుట్టాలొస్తే బిర్యానీ కూడా. ఒక్క వారం రానంటే ఇంకో మనిషిని పెట్టుకుంటారు." ఆమె ఫోను అద్దం పగిలి ఉంది. దాన్ని ఆ ఇంటివాళ్ల వంటగట్టు మీద గోధుమపిండి డబ్బాకు ఆనించి, సౌండు తగ్గించి, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని మన ఆరాధన వింటుందట. కుక్కర్ విజిలేస్తే ప్రార్థన వినపడదని కాసేపు మంట తగ్గిస్తుందట. ఆ మాట చెప్పాక లైవ్ ఆపుదామని మా పెద్దల్లో ఎవరూ మళ్లీ అనలేదు.

గార్డుల పరిస్థితి మరీ కష్టం. పన్నెండు గంటల డ్యూటీ, సెలవు పెడితే ఆ రోజు జీతం కోత. ఇంకో ఇంట్లో, భర్త పని పోయినప్పటి నుంచి ఒక చెల్లి గుడికి రావడమే మానేసింది. "కానుక సంచి నా ముందుకొచ్చినప్పుడు ఖాళీ చెయ్యి పెట్టలేక" అంది నేల చూస్తూ. పక్కనే కూర్చున్న నా భార్య ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆ వారం నుంచే సంచి తిప్పడం ఆపి, బయట తలుపు పక్కన కానుక పెట్టె పెట్టాం. కానుకలు తగ్గుతాయని కొందరు భయపడ్డారు. తగ్గినా సరే, ఒక మనిషి సిగ్గుతో దూరమయ్యే పద్ధతి మన మధ్య ఉండకూడదని చెప్పాను. ఇప్పటికీ అదే నా మాట.

ఆదివారం సాయంత్రం ఐదింటికి మున్నెకొళాలలో ఒక విశ్వాసి మేడ మీద కూడిక మొదలుపెట్టాం. వంట పనులు ముగించుకున్న అక్కలు పిల్లలతో వస్తారు. రాత్రి డ్యూటీ గార్డులు యూనిఫాంలోనే వచ్చి, ప్రార్థన చేయించుకుని ఏడింటికల్లా బయల్దేరతారు. ఇలాగైతే హాలుకెవరొస్తారని పెద్దల కూటంలో వాదన జరిగింది. నిజమే, ఉదయం ఆరాధనకు మునుపటి జనం ఇంకా రాలేదు. కానీ ఏళ్లుగా బల్లలో పాలుపొందనివాళ్లకు ఆ మేడ మీద రొట్టె విరిచి ఇచ్చినప్పుడు, ఈ కూడిక ఆపే ప్రసక్తే లేదని నాకు తేలిపోయింది.

ఇప్పుడు ఆలోచన పిల్లల గురించి. బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ నేర్చుకుంటున్నారు, తెలుగు పాటల పుస్తకం చేతికిస్తే చదవలేరు. పెద్ద హాలు వదిలేసి చిన్నదానికి మారితే మిగిలే అద్దెతో, మేడ మీదే శనివారాలు వాళ్లకు తెలుగు అక్షరాలు నేర్పే ఒక టీచరమ్మను పెట్టాలని అడిగాను. వచ్చే కూటంలో పెద్దలు తేల్చాలి.