కొత్త డ్రైవర్ ఫోన్‌ని కట్టడి చేయడం: మేం పెట్టిన సెట్టింగ్స్, వాటికున్న కంతలు

మా అమ్మాయికి లైసెన్స్ రాగానే ఫోన్ సంగతి ముందు తేల్చాలనుకున్నాం. "నడిపేటప్పుడు ముట్టుకోను" అన్న మాట ఒక్కటీ సరిపోదు. ఫోన్ మోగితే కళ్లు వాటంతటవే అటు పోతాయి. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 33 మీటర్ల రోడ్డు చూడకుండానే దాటేసినట్టు. కాబట్టి అసలు మోగకుండా చేయాలి.

ముందు తేల్చుకోవాల్సింది హ్యాండ్స్‌ఫ్రీ సంగతి. మేం దానికీ వద్దన్నాం. అనుభవం ఉన్నవాళ్లకి అద్దాలు, గేర్లు, ఇండికేటర్లు చేతి అలవాటు మీద నడిచిపోతాయి. కొత్తవాళ్లు ప్రతిదీ ఆలోచించి చేస్తారు, ఇక మాటలకి మనసు ఎక్కడ మిగులుతుంది? ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో లెర్నర్లకూ, పి1, పి2 లైసెన్స్ (కొత్త డ్రైవర్లకిచ్చే ప్రొవిజనల్ లైసెన్స్) వాళ్లకూ హ్యాండ్స్‌ఫ్రీ కూడా నిషేధమే. బ్రిటన్‌లో చేత్తో ఫోన్ వాడితే లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు. టెస్ట్ పాసైన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు, అంటే ఒక్కసారి దొరికితే చాలు. అక్కడ లెర్నర్ పక్కన కూర్చుని నేర్పించేవాళ్లు కూడా ఫోన్ చేత్తో పట్టుకోకూడదు. మంచి నియమం, మేమూ పాటించాం.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, ఫోకస్, డ్రైవింగ్ అని వెళ్లాలి. నడిపేటప్పుడు నోటిఫికేషన్లని ఆపే ఈ డ్రైవింగ్ ఫోకస్ ఎప్పుడు ఆన్ కావాలో అక్కడే ఎంచుకోవాలి. "ఆటోమేటిక్" పెడితే కదలికని బట్టి ఆన్ అవుతుంది. బస్సులో కూర్చున్నా ఆన్ అవుతుంది, బండి కదిలిన వెంటనే మాత్రం పట్టుకోకపోవచ్చు. మేం "కార్ బ్లూటూత్‌కి కనెక్ట్ అయినప్పుడు" అన్నది పెట్టాం. ఇగ్నిషన్ ఆన్ చేసి ఫోన్ కనెక్ట్ కాగానే పని మొదలవుతుంది. బ్లూటూత్ లేని బండికి ఆటోమేటిక్ పెట్టాలి, లేదా ప్రతిసారీ మనమే ఆన్ చేసుకోవాలి.

తర్వాత తాళం. స్క్రీన్ టైమ్‌లో కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్ తెరిచి, కింద డ్రైవింగ్ ఫోకస్ దగ్గర "డోంట్ అలో" పెట్టాలి. ఇది లేకపోతే "అయామ్ నాట్ డ్రైవింగ్" మీద ఒక్క నొక్కుతో మొత్తం పోతుంది. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్, ఫోన్ తెరిచే పాస్‌కోడ్ వేరువేరుగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి దారి మారుతుంది. పిక్సెల్‌లో వెర్షన్‌ని బట్టి కనెక్టెడ్ డివైసెస్ కిందో, మోడ్స్ కిందో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది, శామ్‌సంగ్‌లో మోడ్స్ అండ్ రొటీన్స్‌లో. రెండింటిలోనూ కారు బ్లూటూత్ తగిలినప్పుడు డు నాట్ డిస్టర్బ్ ఆన్ అయ్యేలా పెట్టొచ్చు.

ఇంతవరకూ అందరూ చేసేదే. కంతలు దీని తర్వాతే కనబడతాయి.

అన్నింటికంటే పెద్దది "రిపీట్ కాల్స్". ఐఫోన్‌లో అలో రిపీటెడ్ కాల్స్ ఆన్‌లో ఉంటే, అదే మనిషి మూడు నిమిషాల్లోపు రెండోసారి చేసిన కాల్ మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ గడువు 15 నిమిషాలు. ఎత్తకపోతే వెంటనే మళ్లీ చేయడం ఎవరి అలవాటు? ఇంట్లోవాళ్లదే! ప్రమాదంలో పనికొస్తుందని ఈ సదుపాయం పెట్టారు. కానీ నడిపే మనిషికి అది ఆపద వేళ అక్కరకి వచ్చేది కాదు. మేం ఆపేశాం.

రెండోది బ్లూటూత్. కారుకి కలిసి ఉన్నప్పుడు కాల్స్‌ని ఐఫోన్ లోపలికి రానిస్తుంది, హ్యాండ్స్‌ఫ్రీలో ఎత్తుతారన్న లెక్కతో. అందుకే ఫోకస్‌లోని అనుమతి జాబితా (ఎవరి కాల్స్ రానివ్వాలో చెప్పేది) ఖాళీ చేసినా సరే, పరీక్షించి చూసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో పని తేలిక. పెయిర్ అయిన కారు పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే ఫోన్ కాల్స్, మీడియా ఆడియో అని విడివిడి స్విచ్‌లు వస్తాయి. మొదటిది ఆపి రెండోది ఉంచితే దారి చెప్పే గొంతు కారు స్పీకర్లలో వినిపిస్తుంది, కాల్ మాత్రం అందులోకి రాదు.

మూడోది కారు స్క్రీన్. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్‌కి కార్‌ప్లే ఫోన్‌ని ఆ స్క్రీన్ మీదికి తెస్తాయి. ఆండ్రాయిడ్ ఆటోలో మెసేజ్ నోటిఫికేషన్లు, సందేశం మొదటి వరుస చూపించడం, రెండూ ఆపాలి. కార్‌ప్లే అయితే నోటిఫికేషన్లలో అనౌన్స్ నోటిఫికేషన్స్ కింద కార్‌ప్లేని ఆపాలి. చేతి గడియారం స్మార్ట్‌వాచ్ అయితే దాన్నీ చూడండి. మణికట్టు మీద చిన్న కదలిక చాలు, తల వంగుతుంది.

ఆటో రిప్లై మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఐఫోన్ పంపే జవాబు మామూలు మెసేజ్‌లకే వెళ్తుంది. వాట్సాప్‌లో రాసినవాళ్లకి ఏమీ తెలియదు, జవాబు రాలేదని కాల్ చేస్తారు. దీనికి మందు ఇంట్లోవాళ్ల వైపే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టి, చేరగానే నోటిఫికేషన్ వచ్చేలా చేశాం. "ఎక్కడున్నావే" అని అడిగే కాల్స్ దానితో చాలావరకు ఆగిపోయాయి. నా లెక్కలో ఫోన్‌లో పెట్టిన తాళాలన్నిటికంటే ఇదే ఎక్కువ పని చేసింది.

ఫోన్ స్టాండ్ మొదటి ఆరు నెలలు వద్దనుకున్నాం. బయల్దేరేముందే గమ్యం పెట్టి, దారి ఒకసారి మొత్తం చూసుకుని, ఫోన్ వెనక సీటు మీది బ్యాగులో పెట్టాలి. మలుపు తప్పితే తప్పింది, మ్యాప్ కొత్త దారి చెబుతుంది. ఎర్ర దీపం దగ్గర ఒక్క చూపు అంటారా? వాయిస్ కమాండ్ ఇచ్చాక కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల దాకా పట్టవచ్చని అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఏఏఏ ఫౌండేషన్ 2015లో తేల్చింది. దీపం అంతకు ముందే ఆకుపచ్చగా మారిపోవచ్చు.

పరీక్ష బండి ఆగి ఉన్నప్పుడే చేయాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి బ్లూటూత్ కలిశాక వేరే ఫోన్ నుంచి ఒక మెసేజ్, ఒక వాట్సాప్ సందేశం, ఒక కాల్, రెండు నిమిషాల్లో మరో కాల్ చేయండి. ఏది మోగిందో, ఏది కారు స్క్రీన్ మీద వెలిగిందో చూసి దాన్ని మూయండి. ఫోన్ మార్చినప్పుడూ, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడూ, వేరే కారుకి పెయిర్ చేసినప్పుడూ ఇదంతా మళ్లీ చేయాలి. కొత్త కారుతో పెయిర్ చేస్తే ఆండ్రాయిడ్‌లో ఫోన్ కాల్స్ స్విచ్ మామూలుగా ఆన్‌లోనే వస్తుంది.