నాన్న ఒప్పుకోని తొమ్మిది నిమిషాలు

ఎక్సెల్ షీట్ మావారిది. పన్నెండు రోజులు, ఏడు దేశాలు. మ్యూనిక్‌లో బయల్దేరి పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, వెనిస్, జూరిక్ చుట్టి మళ్లీ ఇంటికి. ఒక్కో ఊరికి ఒక్కో రంగు వేసి, ప్రింటు తీసి, మా నాన్న చేతిలో పెట్టారు. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి అప్పటికి వారం.

మా నాన్న స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా గుంటూరు, నరసరావుపేట, వినుకొండ వైపు లైన్లలోనే గడిచింది. ఆయన ఆ కాగితాన్ని బల్లమీద పరిచి, కళ్లజోడు సర్దుకుని, ఎర్ర పెన్ను అడిగారు. చిన్నోడు పరుగున పోయి తన హోంవర్కు దిద్దే పెన్ను తెచ్చిచ్చాడు. పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.

"బాబూ, ఇక్కడ ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడానికి తొమ్మిది నిమిషాలే ఉంది. ఆరుగురం, ఆరు పెట్టెలు. నేను ఒప్పుకోను."

"మావయ్యగారూ, ఇక్కడ బళ్లు టైముకి వస్తాయి."

జర్మనీలో తొమ్మిదేళ్లుగా ఉంటూ మావారు ఆ మాట ఎలా అనగలిగారో నాకిప్పటికీ అర్థం కాదు. ఇక్కడ ఆఫీసుకి ఆలస్యమైతే ఎవరైనా చెప్పే మొదటి కారణం రైలే.

నాన్న వాదించలేదు. ఆ తొమ్మిది చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. అలాంటి సున్నాలు మొత్తం పదకొండు తేలాయి.

అమ్మ అడిగింది ఇంకోటి. "రాత్రి బండి అన్నావుగా, నాకు కింది బెర్తేనా?" ఆరు బెర్తుల పెట్టెలో పడకలు మూడు అంతస్తులుగా ఉంటాయని, మనం అడిగినా కిందిదే దొరుకుతుందన్న హామీ లేదని చెప్పాను. అమ్మ మోకాళ్లు చూసుకుంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ప్రాగ్ వెళ్లే రాత్రి బండి అక్కడే రద్దయిపోయింది.

ఇక్కడ పెరిగే మా పిల్లలకి అమ్మమ్మా తాతయ్యా అంటే ఆదివారం ఫోన్‌లో నుదురు మాత్రమే కనిపించే ఇద్దరు మనుషులు. మూడు నెలలకి వచ్చారు. ఆ మూడు నెలల్లోనూ పిల్లలకి రెండు వారాలే సెలవులు, ఆ ఏడు జూన్‌లో పడ్డ పెంతెకోస్తు పండగ సెలవులు. మా బవేరియా రాష్ట్రంలో బడికి రెండు రోజులు ముందుగా డుమ్మా కొట్టిస్తే చెల్లదు, జరిమానా దాకా పోతుంది. అందరికీ ఒకేసారి సెలవులు కాబట్టి టికెట్ల ధరలూ అప్పుడే పెరుగుతాయి. ఆలస్యం చేసేకొద్దీ మనకే నష్టం.

చాలా దేశాల రైళ్లకి ఒకే టికెట్‌లా పనికొచ్చే రైల్ పాస్ సంగతి చాలామంది అడుగుతారు, అందుకే చెబుతున్నాను. ఇక్కడ నివాసముండే మాలాంటివాళ్లకి ఇంటర్‌రైల్, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి యూరైల్. పన్నెండేళ్లు నిండని పిల్లలకి పెద్దవాళ్ల పాస్ మీద ఉచితం. అరవై దాటినవాళ్లకి పది శాతం తగ్గింపు. ఇంతవరకూ వింటే బంగారంలా ఉంటుంది. తిరకాసు ఏమిటంటే, ఇంటర్‌రైల్‌తో మనం ఉంటున్న దేశంలో బయటికి ఒకసారి, లోపలికి ఒకసారి మాత్రమే ప్రయాణం చెల్లుతుంది. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడ్ బండి ఎక్కాలన్నా, ఇటలీ హైస్పీడ్ బళ్లు ఎక్కాలన్నా పాస్ ఒక్కటే చాలదు, సీటు రిజర్వేషన్ విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. టీజీవీలో పాస్ ఉన్నవాళ్లకి కేటాయించే సీట్లు తక్కువ, సెలవుల్లో త్వరగా అయిపోతాయి. మేం లెక్క వేసుకుంటే, మా నాలుగైదు ప్రయాణాలకి ముందుగా కొన్న మామూలు టికెట్లే చవగ్గా పడ్డాయి. రోజుకో ఊరు తిరిగే కుర్రాళ్లకి పాస్ బాగుంటుంది. మోకాళ్లు పట్టుకుని దిగేవాళ్లకి అంత అక్కర్లేదు.

చివరికి మిగిలింది ఇది. మ్యూనిక్ నుంచి ఒకే బండిలో ఆస్ట్రియా మీదుగా వెనిస్, అక్కడ మూడు రాత్రులు. వెనిస్ నుంచి మిలాన్ మీదుగా స్విస్ సరిహద్దు పక్కనున్న తిరానో, ఒక రాత్రి. తిరానో నుంచి బెర్నినా కనుమ ఎక్కి స్విట్జర్లాండ్‌లోని ఖూర్, రెండు రాత్రులు. అక్కణ్ణుంచి జూరిక్ మీదుగా ఇంటికి. ఏడు దేశాలు కాస్తా మాదీ కలుపుకుని నాలుగయ్యాయి. గుంటూరులో మా పిన్నికి ఫోన్‌లో చెబితే, "అంత దూరం వెళ్లి మా అక్కకి ఈఫిల్ టవర్ చూపించవా?" అంది. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంది.

మొదటి బండిలోనే రెండు గొడవలు. ఇన్స్‌బ్రుక్ దాటి బ్రెన్నర్ కనుమ ఎక్కుతుండగా అమ్మ పులిహోర డబ్బా తీసింది. అంతవరకూ పరవాలేదు. దాని వెనకే ఆవకాయ సీసా వచ్చింది. మా పెద్దదానికి పదేళ్లు. కిటికీ వైపు తిరిగి, నాకు మాత్రమే వినబడేలా జర్మన్‌లో, "అమ్మా, వాసన వస్తోంది, అందరూ చూస్తున్నారు" అంది. నిజానికి ఎవరూ చూడటంలేదు. కానీ ఆ వయసులో నేనూ ఇంతే. హైదరాబాద్‌లో హాస్టల్లో కారంపొడి డబ్బా మంచం కింద దాచుకుని తిన్నదాన్ని. అది వేరే భాష కాదు, వేరే దేశమూ కాదు, అయినా దాచాను. అందుకే దాన్ని కోప్పడలేకపోయాను. అమ్మనీ సీసా మూసేయమనలేకపోయాను. అమ్మే గమనించి, కలిపిన ముద్దలు తొందరగా పెట్టేసి మూత బిగించింది. అది నాకు పెద్దదాని మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

రెండోది నాన్న ఫోన్. ఆయన ఫోన్‌లో మాట్లాడితే పక్క స్టేషన్‌కి బండి పంపొచ్చని అరిచి లైన్ క్లియర్ ఇస్తున్నట్టే ఉంటుంది. పెద్దది చెవులు మూసుకుని "తాతయ్యా, లైజర్, లైజర్" అంటోంది. జర్మన్‌లో అంటే గొంతు తగ్గించమని. నాన్న ఫోన్ పక్కకి పెట్టి, "లేజరా? ఎక్కడమ్మా?" అని కిటికీలోంచి కొండల వైపు చూశారు. చిన్నోడు నవ్వి నవ్వి సీటు కిందికి జారాడు. పెద్దదానికీ నవ్వొచ్చింది కానీ ఒప్పుకోలేదు.

వెనిస్ గురించి ఎక్కువ చెప్పను. అందరూ చెప్పారు. శాంటా లూచియా స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా నీళ్లూ పడవలే, అమ్మ అక్కడే మెట్లమీద కూర్చుని అరగంట లేవలేదు. అలాంటి చోట తొందరపెట్టడానికి మా దగ్గర ప్లానేమీ లేకపోవడం ఎంత హాయిగా అనిపించిందో. ప్రతి కాలవకీ వంతెన, ప్రతి వంతెనకీ మెట్లు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు నడక తగ్గించి పడవ టికెట్‌కి డబ్బులు పెట్టుకోండి.

మిలాన్‌లో మారడానికి నాన్న యాభై నిమిషాలు పట్టుబట్టి పెట్టించారు. "మిలాన్‌లో యాభై నిమిషాలు ఏం చేస్తాం" అని మావారి గొణుగుడు. మేమెక్కిన బండి ముప్ఫై అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఇరవై నాలుగు ప్లాట్‌ఫారాల స్టేషన్‌లో పెట్టెలు ఈడ్చుకుంటూ, అమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ, తిరానో బండి కదలడానికి నాలుగు నిమిషాల ముందు ఎక్కాం. నాన్న ఏమీ అనలేదు. తన హెచ్ఎంటీ వాచీ ఒకసారి చూసుకున్నారంతే. మావారు లేచి వెళ్లి ఆయన పెట్టె పైన సర్దారు.

తిరానోకి వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి, కోమో సరస్సు అటే ఉంటుంది. మేం కుడివైపు కూర్చున్నాం.

తెల్లారి బెర్నినా. ఇక్కడ పైకప్పు దాకా అద్దాలున్న బెర్నినా ఎక్స్‌ప్రెస్ పేరు అందరికీ తెలుసు. దానికి అదనపు డబ్బు, తప్పనిసరి రిజర్వేషన్. అదే పట్టాలమీద గంటగంటకీ మామూలు బండి నడుస్తుంది, రిజర్వేషన్ అక్కర్లేదు, పాత బోగీల్లో కిటికీలు కిందికి దిగుతాయి. మేం ఎక్కింది అదే. ఎక్కేముందు నాన్న ప్లాట్‌ఫారం అంచున నిలబడి పట్టాల వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత చిన్నోణ్ణి పిలిచి చేతులు వెడల్పుగా చాపి చూపించారు. "మీటర్ గేజ్ రా! మా మాచర్ల బండి ఇంతే."

గుంటూరు-మాచర్ల బండి ఒకప్పుడు మీటర్ గేజ్ మీదే, అంటే మధ్య ఒక మీటరు ఎడమున్న పట్టాల మీదే నడిచేది. తర్వాత ఇంకా వెడల్పయిన బ్రాడ్ గేజ్ చేశారు. తన ఉద్యోగం మొదలైన పట్టాలు ఆల్ప్స్ కొండల్లో కనిపిస్తాయని ఆయన అనుకోలేదు.

తిరానో 429 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కణ్ణుంచి 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పిట్సియో బెర్నినా స్టేషన్ దాకా ఆ బండి, నిటారు కొండ రైళ్లకి ఉండే పళ్లచక్రం సాయం లేకుండా మామూలు చక్రాలతోనే ఎక్కుతుంది. బ్రూజియో దగ్గర వంతెన గుండ్రంగా తిరిగి, బండి తన కిందనుంచి తనే దూరి పైకి వస్తుంది. లైను 1910 నాటిది. ఇవన్నీ నాన్నకి టికెట్ చూసే ఆయన చెప్పారు, మధ్యలో మా పెద్దది.

ఎలాగంటే, టికెట్లు చూడటానికి వచ్చినాయనకి నాన్న తన రిటైర్డ్ రైల్వే ఐడీ కార్డు తీసి చూపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. టికెట్లున్నాయి కదా, ఇదెందుకు? ఆయనేమో కార్డు తిప్పి తిప్పి చూసి, తన టోపీ సర్దుకుని, నాన్న ఎదురు సీట్లో కూర్చున్నారు. నాన్న, "అమ్మాయ్, ఇక్కడ గ్రేడియంట్ ఎంతో అడుగు" అన్నారు. అన్నది నాతో. కానీ లేచింది పెద్దది. అడిగింది. ఆయన చెప్పింది జర్మన్‌లో విని, తెలుగులో చెప్పడానికి వెతుక్కుంది.

"తాతయ్యా, వెయ్యి వెళితే... డెబ్బయ్ ఎక్కుతుందంట."

నాన్న కాసేపు గాల్లో వేలితో లెక్క వేశారు. మన రైల్వేలో ఆ లెక్క తిరగేసి చెబుతారు, ఎంత దూరానికి ఒకటి ఎక్కుతుందని. "పద్నాలుగుకి ఒకటా! నంద్యాల దాటాక బొగడ టన్నెల్ దగ్గర ఎక్కుడు చూసి మేం ఘాట్ అనుకునేవాళ్లం. ఇంత నిటారు లైను నేను చూడలేదని చెప్పు." అది చెప్పింది. బొగడ అన్న పేరు జర్మన్‌లో ఎలా పలకాలో ఒక్క క్షణం ఆగి, నాన్న పలికినట్టే పలికింది. తాతయ్య గొంతు పెద్దదిగానే ఉంది. ఈసారి లైజర్ అనలేదు.

పైన జూన్‌లోనూ మంచు ఉంది. లాగో బియాంకో సరస్సు నీళ్లు ఏడ్రియాటిక్ సముద్రానికి పోతాయి, పక్కనే ఉన్న చిన్న సరస్సు నీళ్లు డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రానికి పోతాయి. అమ్మకి అది బాగా నచ్చింది. తర్వాత అందరికీ ఫోన్‌లో ఇదే చెప్పింది, ఈఫిల్ టవర్ అడిగిన పిన్నితో సహా.

దిగువలో ఒక చిన్న స్టేషన్‌లో బండి ఆగి కదల్లేదు. ఒకటే లైను. చిన్నోడు ఎందుకాగిందని అడిగాడు. "క్రాసింగ్ పడింది" అన్నారు నాన్న. ఎదుటి బండి వచ్చేదాకా మనం పక్క లైన్లో ఆగాలి, అది వెళ్లాక మనకి సిగ్నల్. చెప్పినట్టే ఎర్ర బండి వచ్చి పక్కనుంచి వెళ్లింది. వాడు తాతయ్యే దాన్ని రప్పించారన్నట్టు చూశాడు.

తిరుగు ప్రయాణంలో జర్మనీలోకి రాగానే లిండావ్ దగ్గర పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు అడిగారు. షెంగెన్ వీసా ఒక్కసారి వేస్తే ఆ ఒప్పందంలో ఉన్న యూరప్ దేశాలన్నీ తిరగొచ్చనేది నిజమే, కానీ కాగితాలు పెట్టె అడుగున పెట్టుకోకండి. మావి అడుగునే ఉన్నాయి.

అమ్మానాన్నలు ఆగస్టులో వెళ్లిపోయారు. మొన్న బడినుంచి వస్తుంటే మా లోకల్ బండి సొరంగంలో ఆగిపోయింది. స్పీకర్లో ఏదో అంటున్నారు, ఎవరికీ సరిగా వినబడలేదు. చిన్నోడు తన పక్కన నిలబడ్డ స్నేహితుడితో జర్మన్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ నావైపు తిరిగి, "అమ్మా, క్రాసింగ్ పడింది" అన్నాడు.

పెద్దది ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఇది డబుల్ లైన్ రా" అంది.