లౌడన్ కౌంటీ పాత సమాధులు, మా పిల్లలు

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్ వైపు ఉండే మన తెలుగువాళ్ళలో చాలామందికి లౌడన్ కౌంటీ అంటే కొత్త ఇళ్ళు, డేటా సెంటర్లు, మంచి స్కూళ్ళు. కానీ ఈ కౌంటీ ఏర్పడింది 1757లో. పిల్లలు పుట్టి పెరుగుతున్న ఈ నేలలో ఎవరున్నారో వాళ్ళకి తెలియాలి కదా, అందుకే వీలైనప్పుడల్లా మా పిల్లలిద్దరినీ పాత సమాధుల దగ్గరికి తీసుకెళ్తాం.

"సెలవున్నదని పిల్లల్ని బొందలగడ్డకు తీస్కపోవుడేంది బిడ్డా" అని అత్తమ్మ ఫోన్‌లో కోప్పడతారు. ఆవిడ భయం నాకు తెలుసు, ఇంటికి రాగానే అందరం తలస్నానాలు చేస్తాం కూడా.

లీస్‌బర్గ్ పాత ఊళ్ళో ఓల్డ్ స్టోన్ చర్చి స్థలం ఉంది. 1766లో మెథడిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళ చేతికొచ్చింది, అమెరికాలో వాళ్ళ మొదటి సొంత ఆస్తి అదే అంటారు. చర్చిని ఎప్పుడో కూల్చేశారు, సమాధులు మిగిలాయి. ఆ కాలపు రాళ్ళ మీద చాలాచోట్ల పుట్టిన తేదీ ఉండదు, చనిపోయిన తేదీ వేసి కింద ఇన్నేళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు బతికారని చెక్కి ఉంటుంది. మా అమ్మాయి గడ్డిలో కూర్చుని వెనక్కి లెక్కగట్టి పుట్టినరోజు కనిపెడుతుంది. ఒక చిన్న రాయి మీద ఏళ్ళే లేవు, నెలలూ రోజులే. పెన్సిల్ ఆపేసి "పాపాయా అమ్మా?" అంది.

మా ఇంటికి దగ్గర్లో, ఆష్‌బర్న్‌లోనే బెల్మాంట్ అనే పాత ఎస్టేట్ దగ్గర బానిసలుగా బతికినవాళ్ళ సమాధులున్నాయి. ఇప్పుడు లౌడన్ ఫ్రీడమ్ సెంటర్ అనే సంస్థవాళ్ళు చూసుకుంటున్నారు. అక్కడ చెక్కిన పలకలు కావు, పొలంలో దొరికే మామూలు రాళ్ళు నిలబెట్టి ఉంటాయి, కొన్నిచోట్ల నేల మనిషి పొడుగున గుంటపడి ఉంటుంది. "వీళ్ళకి పేర్లు లేవా?" అన్నాడు మావాడు. ఉన్నాయి నాన్నా, రాయనివ్వలేదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు లాంటివే రాసుకున్నారు, వాళ్ళందరి పేర్లూ లెక్కల్లోకెక్కింది 1870లో. ఇది చెబుతుంటే నా గొంతు సరిగా రాలేదు. పిల్లల ముందు అలా అయినా నాకు పర్వాలేదు.

ఇక్కడ పొలాల మధ్య కుటుంబ సమాధులు కూడా చాలా ఉంటాయి. భూమి చేతులు మారినా, చనిపోయినవాళ్ళ వారసులు అక్కడికి వెళ్ళొచ్చని వర్జీనియా చట్టం చెబుతుంది, యజమానికి ముందుగా చెప్పి వెళ్ళాలి, అంతే. ఇది విన్నాక మా అమ్మాయి అడిగింది, జగిత్యాల దగ్గర తాత సమాధి ఉన్న పొలం అమ్మేస్తే మనల్ని రానిస్తారా అని. మామయ్యని పొలంలోనే పెట్టారు. ఏటా దీపావళికి అత్తమ్మ అక్కడ కడిగి, సున్నం వేయించి దీపం పెడతారు. కరీంనగర్‌లోనైతే కొన్ని కుటుంబాలు ఆ రోజు సమాధుల దగ్గరే పండుగ చేసుకుంటాయి.

దాని ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. మా ఆయన ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి, పొలం ఎప్పుడు అమ్మినా సమాధి ఉన్న రెండు గుంటల నేలా, అక్కడికి వెళ్ళే బాటా విడిగా ఉంచాలని, ముందే కాగితం మీద రాయించమని చెప్పారు.