పాడిన గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే: ఆడియో డ్రైవర్లతో నా అనుభవం

ఆడియో ఇంటర్‌ఫేస్‌ని (మైకునీ హెడ్‌ఫోన్స్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలించగానే గుర్తుపట్టింది. రికార్డింగూ అయింది. కానీ పాడుతున్నప్పుడు నా గొంతు హెడ్‌ఫోన్స్‌లో కాస్త వెనకబడి, పక్కన ఇంకెవరో అందుకుని పాడుతున్నట్టు వినిపించేది. అది వింటూ తాళం నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఎంఎంఈ, డైరెక్ట్‌సౌండ్, వాసాపి, ఆసియో అని శబ్దం వెళ్ళే దారులకి రకరకాల పేర్లున్నాయి. శబ్దం ఏ దారిన వెళ్తోందో తెలిస్తే తప్ప వీటిలో ఏది కావాలో తేలదనిపించి, కూర్చుని చదివాను. మొదటి రెండూ పాతవి. వాటిలో శబ్దం విండోస్ మిక్సర్ గుండా పోతుంది. బ్రౌజర్‌లో పాట, నోటిఫికేషన్ మోత, మన గొంతు అన్నీ అక్కడే కలుస్తాయి. మామూలుగా వినడానికి అదే సౌకర్యం, రికార్డింగ్‌కి మాత్రం అదే అడ్డం. స్టెయిన్‌బెర్గ్ సంస్థ రూపొందించిన ఆసియో ఆ మిక్సర్‌ని తప్పించి, సాఫ్ట్‌వేర్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్ డ్రైవర్‌కి (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి) కలుపుతుంది. వాసాపిని ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో పెట్టినా మిక్సర్ తప్పుతుంది. మ్యాక్ వాడేవాళ్ళకి ఈ ఎంపిక గొడవే లేదు, అక్కడ ఉన్నది కోర్ ఆడియో.

చాలామంది ఆసియో4ఆల్ వేసుకోమంటారు. అది విండోస్ డ్రైవర్ మీద వేసే తొడుగు మాత్రమే. ఇంటర్‌ఫేస్‌కి సొంత ఆసియో డ్రైవర్ లేనప్పుడు అక్కరకొస్తుంది కానీ, ఉన్నప్పుడు దాన్నే వాడాలి. నేను తయారీదారు ఇచ్చిన డ్రైవరే ఇన్‌స్టాల్ చేశాను.

ఇక మిగిలింది బఫర్. కంప్యూటర్ ఒక విడతకి ఎన్ని శాంపిల్స్ (శబ్దాన్ని కొలిచిన అంకెలు) తీసుకోవాలో చెప్పే సంఖ్య ఇది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48,000 శాంపిల్స్) దగ్గర 1024 అంటే సుమారు 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపితే 42 దాటుతుంది. గాయకుడికి అది చాలా ఎక్కువ. 128 పెడితే ఒక్కో వైపు 2.7 మాత్రమే. శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే కన్వర్టర్లు, యూఎస్‌బీ తీసుకునే సమయం కొంత కలిసినా, ఆ తేడా చెవికి తెలిసిపోయింది. హాయిగా పాడగలిగాను.

అయితే ఉండుండి చిటపటలు మొదలయ్యాయి. ప్రాసెసర్ మీటర్ చూస్తే సగం కూడా నిండలేదు! ఆ విడత శాంపిల్స్ గడువులోగా అందకపోతే శబ్దం తెగుతుంది, సగటున ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా సరే. ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపి చూస్తే జాబితాలో పైన కనిపించింది వైఫై డ్రైవర్. ఆడియోతో సంబంధమే లేనిది! వైఫై ఆఫ్ చేయగానే చిటపటలు ఆగాయి.

ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది కదా, ఇదంతా దేనికి అంటారేమో. నిజమే, మాట మాత్రమే రికార్డు చేసేవాళ్ళకి అది చాలు. నాకు మాత్రం సాఫ్ట్‌వేర్‌లోని రివర్బ్ (గొంతుకి చేర్చే ప్రతిధ్వని) వింటూ పాడితేనే శ్రుతి కుదురుతుంది. అందుకే పాడేటప్పుడు వైఫై ఆపి 128లో ఉంటాను. మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు ఆలస్యంతో పనిలేదు కాబట్టి మళ్ళీ 1024కి పెంచేస్తాను, ప్లగిన్లు (ఎఫెక్టుల కోసం చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఎన్ని వేసినా తట్టుకుంటుంది.